లెక్కల పట్టికలో భాషకి ఒక గడి

కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మన పిల్లల చిన్న తరగతుల లెక్కల పుస్తకంలో ఒక పాఠం ఉంటుంది. తమిళ బళ్లలో దాన్ని ‘తగవల్ సెయలాక్కం’ అంటారు. ఎవరికి ఏ పండు ఇష్టమో తోటి పిల్లల్ని అడగడం, గీతలు కట్టి లెక్కపెట్టడం, పట్టిక వేసి చూపించడం, అంతే పాఠం. కూడికలూ ఎక్కాలూ వస్తే చాలని చాలామందిమి దాన్ని తేలిగ్గా దాటేస్తాం. కానీ మన కోయంబత్తూరు, మదురై తెలుగువాళ్లకి ఆ పాఠం ఎంత అవసరమో రెండు వందల ఏళ్ల కిందటి ఒక లెక్క చూస్తే తెలుస్తుంది.

1822 జూన్‌లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో, రాజధానిలో దేశీయ బళ్లు ఎన్ని ఉన్నాయో లెక్క తీయమని కలెక్టర్లందరికీ చెప్పించాడు. అవి మన తాతముత్తాతలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దిన అరుగు బళ్లు, తమిళంలో తిణ్ణై పళ్లిక్కూడాలు. కలెక్టర్లకి ఒక పట్టిక నమూనా కూడా పంపారు. అందులో బళ్లెన్ని, పిల్లలెందరు, వాళ్లలో ఆడా మగా ఎందరు, ఏ కులం ఎందరు అనే గళ్లున్నాయి. ఏ భాషలో చదువుతున్నారు అనే గడి లేదు.

కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్. తర్వాత ఊటీని కట్టించింది ఆయనే. ఆయన జిల్లాలో 763 బళ్లు, 8,206 మంది పిల్లలు తేలారు. ఆ జిల్లా నుంచి భాషల వివరం కూడా వెళ్లింది: తమిళ బళ్లు 671, కన్నడ బళ్లు 38, తెలుగు బళ్లు 25. కొళ్లేగాలం అప్పట్లో ఈ జిల్లాలోనే ఉండేది కాబట్టి కన్నడ బళ్లు ఉండటంలో వింత లేదు. బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ కూడా ఇలాగే విడదీసి రాశాడు. అక్కడ 533 బళ్లలో తెలుగువి 226.

ఇక మదురై. 1529 నుంచి నాయక రాజులు ఏలిన ఊరు. విజయరంగ చొక్కనాథుడు తెలుగు వచనం రాసిన రాజ్యం. ఆ జిల్లా నుంచి 844 బళ్లు, 13,781 మంది పిల్లలు అని లెక్క వెళ్లింది. కులాల వారీ అంకెలున్నాయి, భాష మాత్రం లేదు. అందుకే కోయంబత్తూరు వాళ్లం ‘ఇరవై ఐదు’ అని చెప్పుకోగలం. తెలుగు రాజులు ఏలిన మదురైకి చెప్పుకోవడానికి అంకే లేదు. అక్కడ తెలుగు బళ్లు లేవని కాదు, ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

ఇది పాత గొడవే కదా అనుకోకండి. 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక నిర్ణయం చేసింది. ఒక భాష పిల్లలు తరగతిలో 10 మంది, లేదా బడి మొత్తంలో 40 మంది ఉంటే ఆ భాషకి ప్రాథమిక స్థాయిలో టీచర్ని ఇవ్వాలి. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం కూడా మాతృభాషలో ప్రాథమిక విద్య గురించే. పదిమంది ఉన్నారని చూపించాలంటే ముందు ఎవరో ఒకరు లెక్కపెట్టాలి కదా!

2011 జనగణనలో తమిళనాడులో తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్లు 42 లక్షల పైచిలుకు, జనాభాలో 5.87 శాతం. ఆ జనగణన నిర్వచనం ప్రకారం మాతృభాష అంటే చిన్నప్పుడు అమ్మ మనతో మాట్లాడిన భాష. గణకుడు తమిళంలో అడిగాడని మనమూ ‘తమిళ్’ అనేస్తే ఆ గడిలో అదే పడుతుంది. 2027 జనగణన ముందుంది.

అందుకే మన వారాంతపు తెలుగు తరగతుల్లో పిల్లల చేత ఒక పని చేయిద్దాం. పండ్లకి బదులు భాష. ప్రతి పిల్లా పిల్లాడూ పది ఇళ్లకి వెళ్లి మూడు ప్రశ్నలు అడగాలి: అవ్వ ఏ భాష మాట్లాడుతుంది? అమ్మ నీతో ఏ భాష మాట్లాడుతుంది? నువ్వు నీ తమ్ముడితో, చెల్లెలితో ఏ భాష మాట్లాడతావు? నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా కొట్టి లెక్క. తర్వాత గళ్ల కాగితం మీద మూడు బార్ చార్టులు. మదురైలో సౌరాష్ట్రం, కోయంబత్తూరులో కన్నడం, మలయాళం కూడా వస్తాయి. వాటికీ గడి ఉండాలి.

మన నాయుళ్ల, రాజుల, దేవాంగుల వీధులతో ఆగకూడదు. ఇంట్లో తెలుగు మాట్లాడే అరుంధతియర్ కుటుంబాలు కొంగునాడులో ఎన్నో ఉన్నాయి. వాళ్ల ఇళ్లు వదిలేస్తే మనమూ మన్రో పట్టికే మళ్లీ వేసినట్టు.

పిల్లలకి ఒక్క నియమం గట్టిగా చెప్పాలి. విన్నదే రాయాలి. ‘తమిళం’ అని చెబితే తమిళమే రాయాలి, పెద్దవాళ్లు సంతోషిస్తారని తెలుగు అని రాయకూడదు. అవ్వ చార్టులో పొడుగ్గా ఉన్న తెలుగు గీత మనవడి చార్టులో పొట్టిగా రావచ్చు. వస్తే దాన్ని సంఘం గోడకే అంటిద్దాం. ఎక్కడ ఏ తరానికి తెలుగు క్లాసు పెట్టాలో ఆ బొమ్మే చెబుతుంది.

గళ్ల కాగితాలు నేను తెస్తాను. ఏ వీధి ఎవరు చూసుకుంటారో కింద రాయండి.