ఇంటిపన్నూ ఊరిబడీ

మొన్న వేసవిలో మా పెదనాన్నగారి అబ్బాయి అమెరికానుంచి ఫోను చేసి నన్నొక ప్రశ్న అడిగాడు. ఆయన టెక్సాసు రాష్ట్రంలో, డల్లాసు నగరపు ఉత్తర శివారులో ఇల్లు కొనుక్కొని ఇరవై ఏళ్ళు కావస్తున్నది. అక్కడి పౌరుడు, ఓటరు. బడుల ఖర్చుకోసం ఇంటిపన్ను రేటు పెంచదలచామనీ, అందుకు నవంబరులో ఓటర్ల అనుమతి కోరతామనీ వాళ్ళ స్కూలు డిస్ట్రిక్టువారు ప్రకటించారట. “మా పిల్లలిద్దరి చదువులూ అయిపోయినై. ఇంకా ఎవరి పిల్లలకోసం కట్టాలిరా తమ్ముడూ? నువ్వు కట్టమనే అంటావు, నాకు తెలుసు. ఎందుకో చెప్పు” అన్నాడు.

కట్టమనడం సులభమే. విద్య ప్రజల హక్కు, దాని వ్యయం సమాజం భరించాలి అని మనం వందసార్లు తీర్మానాలు చేసినవాళ్ళం. కాని “ఎందుకు” అన్నదానికి జవాబు వెదుకుతూ ఆ దేశచరిత్ర కొంత తిరగవేసేసరికి, అన్నయ్య ప్రశ్నలోనే ఒక వంకర ఉన్నదని నాకు తోచింది. ఆ వంకర ఆయన తెచ్చిపెట్టింది కాదు. దాదాపు రెండు శతాబ్దాలుగా అక్కడి చట్టాలలో పాతుకుపోయింది.

ముందు ఆ ఏర్పాటు సంగతి చెప్పాలి. స్కూలు డిస్ట్రిక్టు అంటే మన జిల్లా వంటిది కాదు. అది మన మండలమంత ఉండవచ్చు, పట్నంలో ఒక పేటంతే ఉండవచ్చు. దానికి ఎన్నికైన బోర్డు ఉంటుంది, పన్ను వేసే అధికారం ఉంటుంది. దేశం మొత్తంమీద ప్రభుత్వ బడుల ఖర్చులో సగానికి కొంచెం తక్కువ స్థానికంగానే సమకూరుతున్నది. అందులో అధికభాగం ఇళ్ళమీదా స్థలాలమీదా వేసే పన్నే. ఆ డిస్ట్రిక్టులో వసూలైన పన్ను ఆ డిస్ట్రిక్టు బడికే. వినడానికి ఎంతో ప్రజాస్వామికంగా ఉన్నది కదా!

1647లో మసాచుసెట్స్ వలసరాజ్యం యాభై కుటుంబాలున్న ప్రతి ఊరూ ఒక పంతులును పెట్టుకోవాలని శాసించింది. అది బైబిలు చదువుకొని సైతానును ఎదిరించడానికి వేసిన బడి. దానితో మనకు అట్టే పని లేదు. అసలు కథ పెన్సిల్వేనియాలో మొదలవుతుంది.

అక్కడ 1809 నాటి చట్టం ప్రకారం పేదవాడి బిడ్డకు ఉచితంగా చదువు చెప్పేవారు. ఐతే దానికొక షరతు ఉన్నది. తండ్రి తాను బీదవాడనని ఒప్పుకోవాలి. పన్నుల లెక్క రాసే ఉద్యోగి పేదల జాబితాలో అతని పేరు ఎక్కించాలి. ఎందరో శ్రామికులు పిల్లలనైనా బడి మాన్పించారు గాని ఆ జాబితాకెక్కడానికి ఇష్టపడలేదు. 1828లో ఫిలడెల్ఫియాలో చేతిపనివారు, కూలీలు తమ సొంత రాజకీయపక్షం పెట్టుకున్నప్పుడు వారి కోర్కెలలో పదిగంటల పనిదినంతోపాటు అందరికీ ఒకే బడి కూడా ఉన్నది. వాళ్ళు అడిగింది ధర్మబడి కాదు, తమకు న్యాయంగా రావలసిన బడి. ఉచిత ప్రభుత్వ విద్యను హోరెస్ మాన్ వంటి పెద్దమనుషులు ప్రసాదించారని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. మాన్ గొప్పవాడే. కాని ఆయన 1837లో మసాచుసెట్స్ విద్యామండలి కార్యదర్శి కావడానికి ముందే పనివాళ్ళు ఈ మాట అన్నారు. ఆ మీదట మాన్, చదువుకున్న కార్మికుడు ఎక్కువ ఉత్పత్తి చేస్తాడని ఫాక్టరీ యజమానులకు నచ్చజెప్పి పన్ను కట్టించాడు. ఎవరికి ఏ భాష అర్థమవుతుందో ఆయనకు బాగా తెలుసు!

1834లో పెన్సిల్వేనియా శాసనసభ అందరికీ పన్నుమీద నడిచే ఉచిత బడుల చట్టం చేసింది. వెంటనే గగ్గోలు పుట్టింది. ఆస్తిపరులు, సొంత మతపాఠశాలలున్న జర్మను రైతులు, పిల్లలు లేనివాళ్ళు, పిల్లలు పెద్దవాళ్ళయినవాళ్ళు, అంటే మా అన్నయ్యవంటివాళ్ళు, అందరూ అర్జీలు పెట్టారు. మరుసటి ఏడు ఎగువసభ ఆ చట్టాన్ని రద్దు చేస్తూ ఓటు చేసింది. అప్పుడు దిగువసభలో థాడియస్ స్టీవెన్స్ అనే న్యాయవాది లేచాడు. పుట్టుకతోనే వంకర పాదం, బీద కుటుంబం, తల్లి కష్టపడి చదివించిన బిడ్డ. ఆయన వాదం చాలా సూటిగా ఉన్నది. ఈ పన్ను ఇతరుల మేలుకే గాని తమకు కాదని మీరంటున్నారు. మరి కోర్టులకూ జైళ్ళకూ జైలు అధికారుల జీతాలకూ పన్ను కడుతున్నారే, జన్మలో మీరు జైలు ముఖం చూడబోతున్నారా? నేరం జరిగాక శిక్షించడానికి కట్టేవాడు, జరగకుండా చేసే బడికి కట్టనంటాడేం? సభ చట్టాన్ని నిలబెట్టింది. తరువాత మూడు దశాబ్దాలకు నల్లజాతివారి విముక్తికోసం, తోటల యజమానుల భూములను విముక్తులైన బానిసలకు పంచాలని అమెరికా కాంగ్రెసులో పట్టుబట్టిన స్టీవెన్స్ ఈయనే. బడి పన్నును సమర్థించినవాడూ, భూపంపకం అడిగినవాడూ ఒకే మనిషి కావడం యాదృచ్ఛికమని నేననుకోను.

ఆ తరువాత 1874లో మిచిగన్ రాష్ట్రంలో కలమజూ ఊరివారు కొందరు, ప్రాథమిక బడికైతే సరే గాని హైస్కూలుకు మేమెందుకు పన్ను కట్టాలని కోర్టుకెక్కి ఓడిపోయారు. దానితో హైస్కూలుకు కూడా పన్ను వేయవచ్చునని తేలింది.

ఇంతవరకు చూస్తే అన్నయ్యకు జవాబు స్టీవెన్సే ఇచ్చివేశాడు. కాని దక్షిణాది రాష్ట్రాలవైపు చూస్తే కథ అడ్డం తిరుగుతుంది. అంతర్యుద్ధం తరువాత అక్కడ అందరికీ పన్నుమీద నడిచే బడులు నెలకొల్పినవి నల్లజాతి ప్రతినిధులు కూర్చున్న సభలే. 1868 నాటి దక్షిణ కరోలినా రాజ్యాంగం అందుకు సాక్ష్యం. ఈ విషయాన్ని డుబోయిస్ 1935లో తన గ్రంథంలో నిరూపించినదాకా చరిత్రకారులు కప్పిపుచ్చుతూ వచ్చారు. నల్లవారి ఓటు ఊడబెరికిన తరువాత ఏమైంది? పన్ను అందరి దగ్గరా వసూలయింది, బడి తెల్లవారికి దక్కింది. 1912 మొదలు ఇరవై ఏళ్ళపాటు రోజెన్వాల్డ్ అనే వర్తకుని విరాళంతో నల్లవారికి సుమారు 5,000 బడులు లేచాయంటారు. ఆ విరాళం ఖర్చులో కొంత భాగమే. మిగిలినదానిలో ఒక వాటా, పన్ను ఒకసారి కట్టిన ఆ పేదలే మళ్ళీ చందాలు పోగుచేసి, కలప తెచ్చి, కూలి లేకుండా పనిచేసి ఇచ్చారు. ఒకే బడికి వాళ్ళు రెండుసార్లు వెల కట్టారు.

ఇక టెక్సాసుకే వద్దాం. శాన్ ఆంటోనియో నగరంలో ఎడ్జ్‌వుడ్ అనే డిస్ట్రిక్టు ఉన్నది. నూటికి తొంబైమంది పిల్లలు మెక్సికన్ సంతతివారు. 1968 మే 16న ఆ హైస్కూలు విద్యార్థులు సుమారు 400 మంది తరగతులనుంచి బయటికి నడిచారు. పగిలిన కిటికీలు, పాడుపడ్డ మరుగుదొడ్లు, అర్హత లేని పంతుళ్ళు వారి ఫిర్యాదులు. వాళ్ళ వెనుక తల్లిదండ్రులు కదిలారు. వారిలో దెమెత్రియో రోద్రిగెజ్ అనే ఆయన విమానదళపు స్థావరంలో రేకుపని చేసే కార్మికుడు. ఆయన కొడుకులు చదివే ప్రాథమిక బడి పై అంతస్తు పనికిరాదని మూసివేస్తే అందులో గబ్బిలాలు కాపురం పెట్టాయి.

కోర్టు రికార్డులోని 1967-68 లెక్కలు ఈ పత్రిక చదివే విద్యార్థులు కాస్త ఓపికగా చూడాలి. ఎడ్జ్‌వుడ్‌లో ప్రతి 100 డాలర్ల ఆస్తికి 1 డాలరు 5 సెంట్ల పన్ను. అది ఆ నగర ప్రాంతంలోకెల్లా ఎక్కువ రేటు. అదే నగరంలో ధనికులుండే అలామో హైట్స్ డిస్ట్రిక్టులో 85 సెంట్లే. ఎక్కువ రేటుతో కట్టిన ఎడ్జ్‌వుడ్‌కు స్థానికంగా ఒక్కొక్క విద్యార్థికి 26 డాలర్లు వచ్చింది. తక్కువ రేటుతో కట్టిన అలామో హైట్స్‌కు 333 డాలర్లు. ఇందులో మాయ లేదు. ఒకచోట విద్యార్థి ఒక్కింటికి 5,960 డాలర్ల ఆస్తి, రెండవచోట 49,000 పైచిలుకు. రాష్ట్రం ఏం చేసింది? ఎడ్జ్‌వుడ్‌కు 222 ఇచ్చింది, అలామో హైట్స్‌కు 225 ఇచ్చింది! కేంద్ర సహాయం 108, 36 కలుపుకుంటే మొత్తం 356కూ 594కూ వచ్చి ఆగింది. అంటే తమ బడికోసం ఎక్కువ త్యాగం చేసినవాడి బిడ్డకు గబ్బిలాల బడి, తక్కువ చేసినవాడి బిడ్డకు మంచి బడి.

ఇక్కడే అన్నయ్య ప్రశ్నలోని వంకర కనబడుతుంది. ఎడ్జ్‌వుడ్‌లో సొంత ఇల్లున్నవాడు పన్ను పెంపును సమర్థించాలా వద్దా అని అడగడంలో అర్థమేమున్నది? అతను అప్పటికే సమర్థించాడు, కట్టాడు.

1973 మార్చి 21న అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురికి నలుగురు తేడాతో రోద్రిగెజ్‌కు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. విద్య ఆ దేశపు రాజ్యాంగం హామీ ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదన్నది. స్థానిక అధికారానికి విలువ ఇవ్వాలన్నది. తీర్పు రాసిన పావెల్ ఒకప్పుడు రిచ్మండ్ నగర విద్యామండలి అధ్యక్షుడు. బడులు తెలియనివాడు కాదు. ఏ బిడ్డల బడులు తెలుసునన్నదే ప్రశ్న. విభేదించినవారిలో థర్గుడ్ మార్షల్ ఉన్నాడు. 1954లో తీర్పు వెలువడిన బ్రౌన్ కేసులో నల్లపిల్లల తరపున వాదించినవాడాయన. ఆస్తి లేని పేటకు “స్థానిక అధికారం” ఉన్నా ఖర్చు పెట్టడానికి డబ్బేదని ఆయన మాట సారాంశం.

కాలిఫోర్నియాలో కథ మరో విధంగా నడిచింది. ధనిక డిస్ట్రిక్టు, బీద డిస్ట్రిక్టు అనే ఈ తేడా చెల్లదని 1971లోనే సెరానో కేసులో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు అన్నది. డబ్బు పంచుకోక తప్పని పరిస్థితి వచ్చింది. 1978 జూన్ 6న 13వ ప్రతిపాదన ఓటుకు వచ్చింది. దాని ప్రకారం ఇంటిపన్ను విలువలో నూటికి 1 దాటరాదు. విలువను 1975-76 లెక్కకు తీసుకుపోవాలి. అమ్మకం జరిగేదాకా ఏటా 2 శాతం మించి పెంచరాదు. నూటికి సుమారు 65 మంది అవునన్నారు. రాబడి ఒక్క దెబ్బతో సగానికి పైగా పడిపోయింది. పంచుకోవలసి వచ్చేసరికి ఇంటి యజమానికి బడిమీద ప్రేమ తగ్గిందని ఫిషెల్ అనే ఆర్థికవేత్త వాదించాడు. ఇది పూర్తిగా నిజం కాదనేవారూ ఉన్నారు. ఇళ్ళ ధరలతోపాటు పన్నులూ పెరిగి పింఛనుదార్లు నిజంగానే అల్లాడిపోయారు. రాష్ట్ర ఖజానాలో మిగులు పేరుకుపోతున్నా వారి గోడు పట్టించుకున్న నాథుడు లేడు. ఆ ముసలివాళ్ళను అభివృద్ధి నిరోధకులని తిట్టడం మనకు తగదు. వారి బాధ నిజమైనది. దానిని ఎవరు వాడుకున్నారన్నది వేరే సంగతి. ఆ ఉద్యమానికి నాయకుడైన హోవర్డ్ జార్విస్ లాస్ ఏంజెలెస్‌లో అద్దె ఇళ్ళ యజమానుల సంఘానికి పనిచేసినవాడు. పన్ను తగ్గితే అద్దెలు తగ్గుతాయని చెప్పారు. తగ్గక పోగా మరుసటి ఏడే సాంటా మోనికాలో కిరాయిదార్లు అద్దె నియంత్రణ చట్టం ఓటు చేసి తెచ్చుకోవలసి వచ్చింది. ముసలమ్మ ఇంటికి దొరికిన రక్షణే పెద్ద పెద్ద కంపెనీల స్థలాలకూ దొరికింది. కంపెనీ చావదు, స్థలం అమ్మదు, కనుక దాని పాతవిలువ మారదు. ఇళ్ళ జోలికి పోకుండా పెద్ద వ్యాపార ఆస్తులకు మాత్రం నేటి ధరపై పన్ను వేసి బడులకూ స్థానిక సంస్థలకూ ఇద్దామని 2020లో తెచ్చిన ప్రతిపాదన కూడా నూటికి 52 మంది వద్దనడంతో ఓడిపోయింది.

రోద్రిగెజ్ ఓడినా ఎడ్జ్‌వుడ్ ఊరుకోలేదు. 1989లో టెక్సాసు సుప్రీంకోర్టు ఆ రాష్ట్ర రాజ్యాంగాన్ని బట్టి ఏకగ్రీవంగా ఎడ్జ్‌వుడ్ పక్షాన తీర్పు ఇచ్చింది. 1993లో ధనిక డిస్ట్రిక్టులనుంచి కొంత రాబడి తీసుకొనే చట్టం వచ్చింది. జనం దానికి రాబిన్ హుడ్ అని పేరు పెట్టారు. పేరు పెట్టినవాళ్ళు మెచ్చుకొని పెట్టలేదు.

అన్నయ్య రెండవసారి ఫోను చేసినప్పుడు అసలు మాట బయటపడింది. ఆయన కోపం పన్నుమీదకన్న ఆ రాబిన్ హుడ్ మీద ఎక్కువ. “మా డబ్బు మా బడికైతే కడతాను. బడి బాగుంటే ఇంటి ధరైనా నిలుస్తుంది” అన్నాడు. నిజమే. 1969లోనే వాలెస్ ఓట్స్ అనే ఆర్థికవేత్త న్యూజెర్సీ పట్టణాల లెక్కలు తీసి, బడి ఖర్చు ఎక్కువైనచోట ఇళ్ళ ధరలు పెరుగుతాయని చూపాడు. మనవాళ్ళు అక్కడ ఇల్లు చూసేముందు బడి చూస్తారంటే సరస్వతిమీద భక్తి ఒక్కటే కాదు. తన డిస్ట్రిక్టు ఎల్ల దాటని పన్నును త్యాగమనలేం. అది తన ఆస్తికి తానే చేసుకునే మరమ్మత్తు.

ఈ మాట నేను అన్నయ్యతో అనేశాను. ఆయన ఒక్క క్షణం ఆగి, “మరి నీ కూతుర్ని ఏ బడిలో వేశావురా?” అన్నాడు.

ప్రైవేటు బడిలో వేశాను. నేను జిల్లా పరిషత్తు హైస్కూలులో చదువుకున్నవాణ్ణి. విద్య జాతీయీకరణ గురించి ఉపన్యాసాలిస్తాను. మూడేళ్ళక్రితం బ్యాంకు అప్పుతో ఫ్లాటు కొన్నాను. దాని ఇంటిపన్ను చాలా స్వల్పం, కూతురి ఫీజు దానికి ఎన్నో రెట్లు. అమెరికావాడు తన పేట చుట్టూ కంచె కట్టాడని ఇంత రాశాను గదా, నా కంచె ఫీజు రసీదు. ఆ కంచెకు ఏ న్యాయస్థానం తీర్పూ అడ్డు రాదు, ఏ రాబిన్ హుడ్డూ దాన్ని దాటడు.

మనకు ఈ పన్ను ఆలోచన లేకపోలేదు. 1911లో గోఖలే నిర్బంధ ప్రాథమిక విద్యాబిల్లు తెచ్చినప్పుడు, స్థానిక సంస్థలు విద్యకోసం ప్రత్యేక పన్ను వేసుకోవచ్చునని అందులో ఉన్నది. 1912లో 38 మంది కాదని, 13 మంది మాత్రమే అవునని, ఆ బిల్లును పడగొట్టారు. తెల్లదొరలతోపాటు మన భూస్వాములూ వ్యతిరేకించారు. కూలివాడి బిడ్డ బడికి పోతే పొలానికి ఎవరు వస్తారన్నది వారి దిగులు. 1920 నాటి మద్రాసు ప్రాథమిక విద్యాచట్టం విద్యాపన్నుకు వీలు కల్పించింది. ఈనాడు మన ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు మాత్రం వసూలవుతున్నది. ఆ సొమ్మును పురపాలక సంఘాలు తమవద్దే అట్టిపెట్టుకుంటున్నాయని గ్రంథాలయ సంస్థలు మొత్తుకోవడం ఏటా పత్రికలలో చూస్తూనే ఉన్నాం. సొంత బిడ్డ అక్కరకు రాని గ్రంథాలయానికి వెళ్ళే డబ్బు ఏమైందని నేను ఎన్నడూ పురపాలక కార్యాలయానికి వెళ్ళి అడగలేదు.

అన్నయ్యకు చివరకు ఉత్తరమే రాశాను. ఫోనులో అయితే ఇద్దరమూ గొంతు పెంచుతాం. పన్ను పెంపునకు ఓటు వెయ్యమన్నాను. పెంచిన దానిలో కొంత ఎడ్జ్‌వుడ్ వంటి చోట్లకు పోతుందని తెలిసే వెయ్యమన్నాను. రాబిన్ హుడ్‌ను ఎత్తివెయ్యమని వాళ్ళ పేటలో సంతకాలు సేకరిస్తుంటే పెట్టవద్దన్నాను. రాష్ట్రం తన వాటా తాను ఇవ్వకుండా ఇంటి యజమానుల జగడంగా దీన్ని ఎందుకు ఉంచుతున్నదో శాసనసభ్యుణ్ణి అడగమన్నాను. ఆదాయపు పన్నే లేని రాష్ట్రంలో ఆ భారమంతా ఇళ్ళమీదికే వస్తుంది మరి. అమ్మాయి బడి సంగతి కూడా దాచకుండా రాశాను. వచ్చే జూన్‌లో మా వీధి చివరి ప్రభుత్వ పాఠశాలలో చేర్పిద్దామని నా భార్యతో మాట్లాడుతున్నాను. ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు. అక్కడ ఆరవతరగతికి లెక్కల మాస్టారు లేరని ఆవిడ అభ్యంతరం. వెళ్ళి చూసి వచ్చాను. నిజమే, లేరు.