బందరు ఇల్లు, అందులో అద్దెకున్నవాళ్లు

మొన్న ఆదివారం బందరు నుంచి బ్రోకర్ ఫోన్ చేశాడు. "పోర్టు పనుల మీద వచ్చినవాళ్లు ఇళ్ల కోసం తిరుగుతున్నారమ్మా. ఇప్పుడొచ్చే అద్దెకి డబుల్ ఇస్తారు. ఉన్నవాళ్లని ఖాళీ చేయించండి" అన్నాడు. చూసి చెబుతానని పెట్టేశాను గానీ ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

చిలకలపూడిలో మాకో చిన్న డాబా ఇల్లుంది. మావారు రిటైరయ్యాక వెళ్లి ఉందామని 2015లో లోను పెట్టి కొన్నాం. మేముండేది విజయవాడలో, అదీ అద్దెకే. కొన్న కొత్తలో ఏడాదిపాటు తాళం వేసి ఉంచాం. ఎవరికైనా ఇస్తే మళ్లీ ఖాళీ చేయరేమోనని భయం. ఆ ఒక్క ఏడాదిలో ఉప్పుగాలికి కిటికీ చువ్వలు తుప్పెక్కాయి, వంటింటి అలమరకి చెదలు పట్టాయి, వాడకం లేక బోరు మోటారు బిగుసుకుపోయింది. మనిషి మసలని ఇల్లు ఎంత తొందరగా పాడవుతుందో సముద్రం పక్కన ఊళ్లవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

అసలు బందరు పేటల పేర్లు చూడండి. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో, ఫ్రెంచివాళ్లు 1669లో ఇక్కడ దిగారు. ఎవరూ సొంతదారులుగా రాలేదు. గోల్కొండ సుల్తాను అనుమతి తీసుకుని, మన అద్దకం బట్టల కోసం వచ్చి ఉన్నవాళ్లే. వాళ్ల ఫ్యాక్టరీ అంటే యంత్రాలుండే చోటు కాదు, సరుకు కొని దాచుకునే గిడ్డంగి, పక్కనే ఉండటానికి గదులు. ఇంగ్లీషువాళ్లయితే స్థానిక అధికారులతో పడలేక 1628లో మూటాముల్లె సర్దుకుని నెల్లూరు వైపు ఆర్మగాంకి, అంటే మన దుగరాజపట్నానికి పోయారు. అక్కడ వ్యాపారం అనుకున్నట్టు సాగక మళ్లీ బందరే వచ్చారు. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఓనరుతో గొడవపడి వెళ్లి, నాలుగు వీధులు తిరిగి మళ్లీ ఆ గుమ్మానికే వచ్చినవాళ్లని మనం చూడలేదా?

తర్వాత అద్దెకొచ్చినవాళ్లే ఇంటివాళ్లై కూర్చున్నారు, ఆ కథ మీకు తెలిసిందే. పరాసుపేటలో ఫ్రెంచివాళ్ల చిన్న స్థలం మాత్రం 1947 అక్టోబరు దాకా వాళ్లదిగానే ఉండిపోయింది. మనకి స్వాతంత్ర్యం వచ్చాక కూడా రెండు నెలలు! అద్దెకిస్తే ఇల్లు పోతుందనే భయం మన పెద్దవాళ్లకి ఊరికే పుట్టలేదేమో.

ఇంత పెద్ద రేవు పట్నం 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెనకి చితికిపోయింది. దాదాపు ముప్పై వేలమంది పోయారు. తర్వాత కోటలో సైన్యాన్ని కూడా తీసేశారు. అయినా ఊరు పూర్తిగా ఖాళీ అవలేదు. జిల్లా కచేరీ, కోర్టు ఇక్కడే ఉన్నాయి. నోబుల్ దొర 1843లో పెట్టిన బడి ఉంది. 1910లో జాతీయ కళాశాల, 1923లో ఆంధ్రా బ్యాంకు వచ్చాయి. గుమాస్తాలు, ప్లీడర్లు, దివిసీమ నుంచి చదువుకోడానికొచ్చే పిల్లలు, వీళ్లందరికీ గది కావాలిగా. రేవు పోయిన ఊళ్లో ఇళ్లు నిలబడ్డాయంటే ఇలా వచ్చి ఉన్నవాళ్ల వల్ల కూడా అని నా అభిప్రాయం.

మా అత్తగారూ ఒకప్పుడు బందర్లో అద్దెకున్నావిడే. 1977 నవంబరు 19న, దివిసీమని ఉప్పెన ముంచేసిన రోజు, బందర్లోనూ గాలి ఊపేసింది. వీళ్ల పెంకులు లేచిపోతుంటే ఇంటివాళ్లు పిలిచి తమ స్లాబు గదిలో కూర్చోబెట్టుకున్నారట. "నెల అద్దె బాకీ ఉన్నామే అప్పటికి" అని అత్తయ్య ఇప్పటికీ చెబుతుంది.

ఇక చట్టం సంగతి. పట్టణాల్లో ఇళ్లు దొరకని రోజుల్లో, అద్దెకున్నవాళ్లని ఇష్టమొచ్చినట్టు గెంటేయకుండా 1949లో మద్రాసు చట్టం, 1960లో మన రాష్ట్ర చట్టం వచ్చాయి. వాటి కింద అద్దె కట్టకపోయినా, వేరేవాళ్లకి ఇచ్చేసినా, ఓనరుకి నిజంగా సొంతానికి కావాల్సినా ఖాళీ చేయమనే వీలుండేది. ఎక్కువ అద్దె వస్తుందనేది మాత్రం కారణం అయ్యేది కాదు. మనమంతా రాసుకునే పదకొండు నెలల కాగితం వెనక ఉన్నది ఇంకోటి, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం. ఏడాది దాటిన లీజు రిజిస్టరు చేయించాలి కాబట్టి ఒక నెల తగ్గించి రాసుకుంటాం. మేమూ 2016లో అలాగే రాసి ఇచ్చాం, తర్వాత మళ్లీ రాసింది లేదు.

ఉన్నావిడది గిల్టు నగల పని. భార్యాభర్తలిద్దరూ ఇంట్లోనే చేసుకుంటారు. మొదట్లో 5,500, ఇప్పుడు 7,000. ఒక్కోసారి పదో తారీకు దాటుతుంది, ఎగ్గొట్టింది మాత్రం లేదు. మోటారు బాగు చేయించింది, చెదలకి మందు కొట్టించింది ఆవిడే. 2022 జనవరిలో రిటైర్మెంటు వయసు అరవై నుంచి అరవై రెండు చేసినప్పుడు మా ఇంట్లో ఇంకా రెండేళ్లు ఉద్యోగమా అని మావారు నిట్టూరిస్తే, అక్కడ ఆవిడ పాండురంగడికి కొబ్బరికాయ కొట్టిందట. ఆ మాట తనే నాతో చెప్పి నవ్వింది.

ఆ రెండేళ్లూ కూడా దగ్గరికొచ్చాయి. 2027 జనవరి ఆఖరుకి ఈయన రిటైరవుతారు. ఈ ఉన్న కొద్ది కాలానికి డబుల్ అద్దె మీద ఆశ పడి ఆవిడని పంపేస్తే, రేపు ఆ గుమ్మంలో నేను ముగ్గెలా వేస్తాను? బ్రోకర్‌కి వద్దని చెప్పేశాను. తారీకు మాత్రం ముందే చెప్పాలి కదా అని శనివారం ఇద్దరం వెళ్లాం. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా అమ్మాయి ఇప్పుడు తొమ్మిదండీ. వచ్చే ఏడు టెన్త్ పరీక్షలు మార్చిలో. అవి అయ్యేదాకా ఉంటాం అక్కయ్యగారూ" అంది.

మావారు నావైపు చూశారు. సరేనన్నాను. ఏప్రిల్ దాకా మేమే విజయవాడలో అద్దెకుంటాం. మా ఓనరుగారినే ఇంకా అడగాలి. జనవరికల్లా ఖాళీ చేస్తామని ఆయనకి పోయిన నెలే చెప్పేశాం మరి.