బొటనవ్రేలి విరుపు - బెన్నెట్ పరిశీలన

మానవుని చేతిలో బొటనవ్రేలికి ప్రత్యేకమైన స్థానమున్నది. కలం పట్టవలెనన్నా, సూదిలో దారమెక్కించవలెనన్నా అది తక్కిన వ్రేళ్లకు ఎదురుగా వచ్చి నిలువవలెను. ఈ సౌకర్యానికి మూలం దాని మొదట నున్న కీలు. బొటనవ్రేలి కరభాస్థికి, మణికట్టులోని ఒక చిన్న ఎముకకు నడుమనున్న ఈ కీలు గుర్రపు జీను ఆకారంలో ఉంటుంది. అందుచేతనే వ్రేలు ముందు వెనుకలకే కాక ఇరుప్రక్కలకు కూడ కదలగలదు.

ఈ కీలుకు గట్టి దెబ్బ తగిలినప్పుడు పైకి కనిపించేవి వాపు, నొప్పి మాత్రమే. లోపల ఎముక విరిగినదీ లేనిదీ కంటికి తెలియదు. అందువలన పూర్వం దీనిని బెణుకుగానో, కీలు తొలగుటగానో భావించుట కద్దు.

ఐర్లండులోని డబ్లిన్ నగరంలో ట్రినిటీ కళాశాల శస్త్రవైద్యాచార్యుడైన ఎడ్వర్డ్ హాలరన్ బెన్నెట్ (1837-1907) ఈ విషయాన్ని తేటపరచాడు. విరిగి అతుక్కున్న ఎముకలను సేకరించి పరిశీలించుట ఆయనకు అభిమాన విషయం. అట్టి ఎముకలలో కొన్ని బొటనవ్రేలి కరభాస్థులు ఒకే తీరున విరిగి ఉన్నట్లు ఆయన గమనించాడు. విరుపు ఎముక మొదట ఏటవాలుగా సాగి, కీలులోనికి చొచ్చుకొని పోయింది. ఈ సంగతిని ఆయన 1882లో ప్రకటించాడు. 1886లో మరల ఒక వ్యాసం వ్రాశాడు. రాంట్‌జన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నది 1895లో. అనగా ఎముకను చూపే సాధనం పుట్టక పూర్వమే బెన్నెట్ ఈ విరుపును గుర్తించాడన్నమాట! నేటికిని దానిని 'బెన్నెట్ విరుపు' అనే పిలుస్తారు.

ఈ విరుపులో చిక్కు ఏమిటి? విరిగిన చిన్న ముక్కను బలమైన సంధిబంధనం స్వస్థానంలోనే పట్టి ఉంచుతుంది. కాని పెద్ద భాగాన్ని కండరాలు మణికట్టువైపు, వెలుపలికి లాగివేస్తాయి. వ్రేలిని సాగదీసినచో ఎముక సరిగానే కూర్చుంటుంది. వదలగానే మరల జారిపోతుంది. అట్లే అతుక్కున్నచో కీలు నునుపు చెడి, కొంతకాలానికి అరిగి, పట్టు సన్నగిల్లవచ్చును.

డచ్చి సైనిక వైద్యుడు మతైసెన్ 1852లో ప్రచారంలోకి తెచ్చిన పారిస్ ప్లాస్టరు పట్టీ విరిగిన ఎముకలను కదలకుండ నిలుపుటకు ఎంతో తోడ్పడినది. అయినను కండరాల లాగుడును ఎదిరించుటకు ఈ విరుపులో అది ఒక్కటే తరచు చాలదు. జర్మనీ దేశీయుడైన కిర్ష్‌నర్ 1909లో ప్రవేశపెట్టిన సన్నని ఉక్కుతీగెల పద్ధతి తరువాత ఇందుకు ఉపయోగపడినది. నేడు ముక్కలు తొలగియున్నచో వాటిని సరిచేసి, తీగెలతోగాని చిన్న మరలతోగాని బిగించి, కొన్ని వారాలు వ్రేలిని కదలనీయరు. ముక్కలు తొలగనిచో పట్టీయే చాలవచ్చును.

ఆటస్థలంలో బంతి తగిలిగాని, చేయి ఊని పడిగాని విద్యార్థి బొటనవ్రేలి మొదలు వాచినప్పుడు, బెణుకేనని తైలం రాసి తోముట, పట్టి లాగుట తగదు. వ్రేలిని కదలకుండ కట్టి, వైద్యునికి చూపి, ఎక్స్ కిరణ చిత్రం తీయించవలెను. పైకి బెణుకువలె కనిపించే దానిలో విరుపు దాగి ఉండవచ్చునని బెన్నెట్ పరిశీలన మనకు నేర్పుచున్నది.