బోసు లెక్కలో ఆ రెండు ఎక్కడిది? – సూరి భగవంతం, కాంతి కణం కథ

కాంతి కణమా, తరంగమా అని పరీక్షలో అడిగితే ‘రెండూ’ అని రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే మనమంతా. ఆ ఒక్కమాట వెనుక ఉన్న చరిత్రలో కృష్ణకు ఆవలి జిల్లా తెలుగువాడొకరు ఉన్నారు.

సూరి భగవంతం 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. హైదరాబాదు నిజాం కాలేజీలో చదివి, 1928లో కలకత్తా వెళ్లి సి.వి. రామన్ దగ్గర పరిశోధనలో చేరారు.

అంతకు నాలుగేళ్ల ముందు సత్యేంద్రనాథ్ బోసు కాంతి కణాలను లెక్కించే కొత్త పద్ధతి చెప్పారు. ఆ లెక్క ప్లాంక్ సూత్రంతో సరిపోవాలంటే ఒకచోట రెండుతో గుణించాలి. ఆ రెండు ఎక్కడిది? ఫోటాన్‌కు శక్తి, ద్రవ్యవేగాలతో పాటు సొంతంగా ‘స్పిన్’ కూడా ఉండి, అది రెండు తీరుల్లో ఉండవచ్చని బోసు ఊహ. అచ్చయిన వ్యాసంలో ఆ వివరణ లేదు. బోసు ద్వారానే తెలుసుకున్న రామన్, భగవంతం దాన్ని పరీక్షకు పెట్టారు. అణువు మీద పడి చెదిరేటప్పుడు ఫోటాన్ స్పిన్ తలకిందులైతే, ఆ తేడాను అణువు తీసుకుని తన భ్రమణం మార్చుకోవాలి. దాని జాడ చెదిరిన కాంతి ధ్రువణంలో కనబడాలి. కనబడిందని వారు 1931లో ప్రకటించారు. అప్పటికి భగవంతానికి 22 ఏళ్లు నిండీ నిండని వయసు. 1936లో అమెరికాలో రిచర్డ్ బెత్, సన్నని క్వార్ట్జ్ పోగుకు వేలాడదీసిన పలకను కాంతి మెలితిప్పడం చూపి, కాంతి కోణీయ ద్రవ్యవేగాన్ని నేరుగా కొలిచారు.

అయితే కొలతకు ముందు ఆ గుణం ఫోటాన్‌లో ఉందా? ఇక్కడే పెద్దలు విడిపోయారు. కొలిచే పరికరాన్ని పక్కనపెట్టి కణం అసలు స్వభావం అడగడంలో అర్థం లేదని నీల్స్ బోర్ వాదం. 1952లో డేవిడ్ బోమ్ ఎలక్ట్రాన్‌కు ఎప్పుడూ ఒక నిర్ణీతమైన దారి ఉంటుందన్నారు. కాంతి విషయంలో మాత్రం కణాన్ని కాక క్షేత్రాన్నే అసలు వస్తువుగా తీసుకున్నారు. 1957లో హ్యూ ఎవరెట్, వీలున్న ఫలితాలన్నీ వేర్వేరు శాఖల్లో జరుగుతాయన్నారు. చిత్రమేమిటంటే, ప్రయోగశాలలో ముగ్గురి లెక్కకూ వచ్చే జవాబు ఒకటే.

అలాగని ఇది వట్టి మాటల తగవు కాదు. కణం జవాబులన్నీ ముందే తన దగ్గర పెట్టుకుని ఉంటుందనీ, దూరాన జరిగే కొలత దాన్ని తాకదనీ కలిపి నమ్మితే ఫలితాలకు ఒక హద్దు ఉండాలని 1964లో జాన్ బెల్ రుజువు చేశారు. ప్రయోగాలు ఆ హద్దు దాటాయి. ఆ కృషికి ఆస్పే, క్లౌజర్, జైలింగర్‌లకు 2022లో నోబెల్ వచ్చింది. వారు కొలిచింది ఫోటాన్ జంటల ధ్రువణాన్ని, అంటే బోసు లెక్కలోని ఆ రెండునే!

భగవంతం తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. ఉస్మానియా ఉపకులపతిగా, బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకులుగా పనిచేశారు. ఆయన కథ మన నందివెలుగు పిల్లలకు చెప్పదగ్గది, పదవుల కోసం కాదు. ఒక లెక్కలో కారణం చెప్పని ‘రెండు’ను ఊరికే వదలకపోవడం కోసం. రేపు తరగతిలో ఎవరైనా లేచి, “రెండూ అంటే ఏమిటి మాస్టారూ?” అని అడిగితే, కూర్చోమనకండి. ఆ ప్రశ్న ఇంకా తెగలేదు.