కేటరింగ్ – ఒక పాత బాకీ

మన ఇళ్లలో పెళ్లి కుదరగానే, ముహూర్తం తరువాత తేల్చుకునేది భోజనాల సంగతి. ఒకప్పుడు వంటవాళ్లను పిలిపించి, సరుకుల జాబితా రాయించుకుని, బజారుకు మనమే వెళ్లేవాళ్లం. ఇప్పుడు ఆ భారమంతా కేటరింగ్ వారిదే. బరంపురంలోనైనా, బళ్లారిలోనైనా మాట ఒకటే. దానికి అర్థం అన్నం పెట్టడమనే అనుకుంటాం. బ్యాంకులో లెక్కలు చూస్తూ తల నెరిసిన నాకు దాని పుట్టుక తెలిసినప్పుడు నవ్వొచ్చింది. ‘కేటర్’ అంటే మొదట వండడం కాదు, వడ్డించడమూ కాదు, కొనడం.

1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక అక్కడి రాజుల, ప్రభువుల ఇళ్లలో ఫ్రెంచి భాష చెల్లింది. ఇంటికి సరుకులు కొనే ఉద్యోగిని ‘అకటూర్’ అనేవారు. ఫ్రెంచిలో కొనడాన్ని ఈనాటికీ ‘అషెతే’ అంటారు. 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంలో ఆ భాష చదివిన పెద్దలకు ఇది కొత్త కాదు. ‘అకటూర్’లో మొదటి అచ్చు రాలిపోయి ‘కేటర్’ మిగిలింది. తమిళుల ‘ఇరండు’, కన్నడిగుల ‘ఎరడు’ మన నోట ‘రెండు’ కాలేదూ, అలాగే. అప్పటికది మనిషిని చెప్పే మాట. షేక్‌స్పియర్ నాటికి క్రియ అయింది. ఆ మనిషికే మరో ‘అర్’ తగిలించి ‘కేటరర్’ అన్నారు. మనం ‘నడిసెంటరు’ అనడం లేదా?

ఇంకా లోతుకు పోతే మూలం లాటిన్‌లో తేలుతుంది. అక్కడి ధాతువుకు అర్థం పట్టుకోవడం. బంతిని పట్టే ‘క్యాచ్’ కూడా ఆ ఇంటి బిడ్డే. కొనడానికీ లాక్కోవడానికీ మధ్య ఎడం ఎంత తక్కువో నాటి ఇంగ్లండు పల్లెలకు బాగా తెలుసు.

రాజుగారు పరివారంతో ఊరూరా తిరిగేవారు. ఆయన మనుషులు ముందే వచ్చి ధాన్యం, పశువులు, బండ్లు ‘కొనేవారు’. ధర వారే కట్టేవారు, అదీ బజారు ధరకన్నా తక్కువకు. చాలాసార్లు రొక్కానికి బదులు, గాట్లు పెట్టి నిలువునా చీల్చిన కర్రబద్దలో సగం రైతు చేతిలో పెట్టేవారు. అదే ఆనాటి ప్రామిసరీ నోటు. వెంటనే సొమ్ము చెల్లించకుండా ధాన్యం తీసుకోరాదని 1215 నాటి మాగ్నా కార్టాలోనే రాసుకున్నా, ఈ బాధ తప్పలేదు.

ఈ మనుషులను ‘పర్వేయర్లు’ అనేవారు. ఆ పేరు వింటేనే జనం మండిపడేవారు. చివరికి 1362లో, మూడవ ఎడ్వర్డు కాలంలో, చట్టం వచ్చింది. రాజు, రాణి ఇళ్లకు తప్ప మరెవరికీ ఇలా తీసుకోరాదు. బజారు ధర చేతికివ్వాలి. ‘పర్వేయర్’ అన్న ఆ నీచమైన పేరు మార్చి ‘కొనుగోలుదారు’ అని పిలవాలి. చట్టంలో వాడిన మాట మన కేటరర్‌గారి పూర్వీకుడే.

ఆ ఏడే, ఫ్రెంచి జనానికి అర్థం కావడం లేదు గనుక కోర్టుల్లో వాదనలు ఇంగ్లీషులో జరగాలని మరో చట్టం చేశారు. ఆ చట్టాన్ని రాసింది మాత్రం ఫ్రెంచిలోనే! మన భాషకు చోటిస్తామన్న ఉత్తర్వు పరభాషలో అందుకున్న మనబోటివారికి దాని రుచి వేరే చెప్పాలా?

పేరైతే మారింది, పద్ధతి మారలేదు. రైతుల మొర తరతరాలుగా సాగింది. రాజుగారి ఈ హక్కు రద్దయింది 1660లో. అంటే, పేరు మార్చిన దాదాపు 300 ఏళ్లకు. ఖాతా పేరు మార్చినంత మాత్రాన బాకీ తీరదని మా బ్యాంకులో చేరిన కొత్త గుమాస్తాకైనా తెలుసు.

అందుకే నాదొక విన్నపం. మీ ఇంటి శుభకార్యం ముగిశాక కేటరింగ్ వారి బిల్లు ఆలస్యం లేకుండా చెల్లించండి. చెల్లిస్తూ, ఆయనకు కూరగాయలిచ్చిన అంగడివానికీ, విస్తళ్ల ముందు వంగి వడ్డించిన కుర్రాళ్లకూ డబ్బు ముట్టిందా అని ఒక్క మాట అడగండి. కొన్నవాడు సొమ్ము చెల్లించినప్పుడే పెట్టిన అన్నం మనదవుతుంది.