కోడ్ రాసే కోడ్: జావా వెబ్ సర్వీసుల పాతికేళ్లు

శ్రీ సత్యసాయి జిల్లా కొత్తచెరువు మండలంలో ఉపాధి హామీ పనికి వెళ్లిన కూలీ హాజరు మస్టరులోంచి మండల కంప్యూటరులోకి ఎక్కేది. కూలి డబ్బు ఖాతాలో పడేలోగా ఆ వివరం చాలా కంప్యూటర్లు దాటవలసి వచ్చేది. గ్రామీణాభివృద్ధి శాఖది ఒకటి, బ్యాంకుది లేదా తపాలా శాఖది ఇంకొకటి. వాటిలో నడిచే ప్రోగ్రాములు ఒకే భాషలో రాసినవి కానక్కర్లేదు. ఒక ప్రోగ్రాము నెట్‌వర్క్ మీదుగా ఇంకో ప్రోగ్రామును పని అడిగే ఇలాంటి ఏర్పాటునే వెబ్ సర్వీసు అంటారు. ఏమి అడగవచ్చో, జవాబు ఏ రూపంలో వస్తుందో ముందే రాసిపెట్టుకుంటే, ఆ రాతను చదివి మధ్యలో కావలసిన కోడంతా ఒక పనిముట్టే తయారుచేస్తుంది. జావాలో ఈ పనిముట్లు పాతికేళ్లలో చాలా మారాయి.

ఈ ఆలోచన జావా కంటే పాతది. దూరంలో ఉన్న ప్రోగ్రామును పక్కనే ఉన్నట్టు పిలవడం ఎలాగో 1984లో జిరాక్స్ పరిశోధకులు ఆండ్రూ బిరెల్, బ్రూస్ నెల్సన్ వివరించారు. రెండు వైపులా కావలసిన కోడును వాళ్ల వ్యవస్థలో లూపిన్ అనే ప్రోగ్రాము రాసిపెట్టేది. ఆ తర్వాత సన్ కంపెనీ ఆర్‌పీసీజెన్, 1991లో కోర్బా వచ్చాయి. 1997లో జావా 1.1తో వచ్చిన ఆర్‌ఎంఐకి ఆర్‌ఎంఐసీ అనే పనిముట్టు తోడుగా ఉండేది. అయితే ఆర్‌ఎంఐ సుఖంగా నడవాలంటే రెండు వైపులా జావాయే ఉండాలి. కోర్బా ఏ భాషతోనైనా పనిచేసేది కానీ ఆఫీసుల ఫైర్‌వాల్ దగ్గర ఆగిపోయేది.

ఆ చిక్కు వదిలించడానికి, అప్పటికే ప్రతి ఫైర్‌వాలూ దారి ఇస్తున్న హెచ్‌టీటీపీ మీదనే ఎక్స్ఎంఎల్ సందేశాలు పంపే పద్ధతి పుట్టింది. 2000 మే నెలలో సోప్ 1.1, 2001 మార్చిలో డబ్ల్యూఎస్‌డీఎల్ 1.1 ప్రపంచ వెబ్ సంఘం ముందుకు వచ్చాయి. సర్వీసు ఏమేమి చేయగలదో, ఏ చిరునామాలో దొరుకుతుందో చెప్పే కాంట్రాక్టు పత్రమే డబ్ల్యూఎస్‌డీఎల్. దాని నలుగురు రచయితల్లో సంజీవ వీరవరణ శ్రీలంక మనిషి. అప్పుడు ఐబీఎంలో ఉన్న ఆయన 2005లో డబ్ల్యూఎస్ఓ2 కంపెనీ స్థాపకుల్లో ఒకరయ్యారు. తర్వాత వచ్చిన యాక్సిస్2 అనే జావా వెబ్ సర్వీసుల పనిముట్టు తయారీలో శ్రీలంక ప్రోగ్రామర్ల చేయి చాలా ఉంది. దక్షిణాసియా వాళ్లు ఇలాంటి సాఫ్ట్‌వేరును వాడుకోవడంతో ఆగలేదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

2002లో సన్ నుంచి జాక్స్-ఆర్‌పీసీ వచ్చింది; డబ్ల్యూఎస్‌కంపైల్, డబ్ల్యూఎస్‌డిప్లాయ్ దాని పనిముట్లు. అదే ఏడాది అక్టోబరులో విడుదలైన అపాచీ యాక్సిస్ 1.0 మాత్రం ప్రోగ్రామర్ల చేతికి బాగా అలవాటైంది. అందులోని డబ్ల్యూఎస్‌డీఎల్2జావా పనితీరు కాస్త దగ్గరగా చూడదగ్గది. జాబ్‌కార్డ్ అనే సర్వీసు కాంట్రాక్టును దానికి అందిస్తే ముందు అదే పేరుతో ఇంటర్‌ఫేస్ వస్తుంది. దాని వెంట సర్వీసు చిరునామా పట్టుకునే లొకేటర్, పిలుపును ఎక్స్ఎంఎల్‌గా మార్చి పంపే స్టబ్ వస్తాయి. వాడుకునే ప్రోగ్రామరు రాసేది రెండు మూడు వరుసలే: లొకేటరును తీసుకోవాలి, పోర్టు అడగాలి, కార్డు నంబరు ఇచ్చి పిలవాలి. సర్వరు వైపు కోడు కూడా కోరితే స్కెలిటన్, ఖాళీ ఇంప్లిమెంటేషన్ క్లాసు, సర్వీసును ఎక్కించడానికి ఒకటి, దించడానికి ఒకటి చొప్పున రెండు డబ్ల్యూఎస్‌డీడీ ఫైళ్లు వస్తాయి. అసలు పని రాసుకోవలసింది ఆ ఖాళీ క్లాసులోనే. పనిముట్టును మళ్లీ నడిపినా ఆ ఫైలు ముందే ఉంటే దాన్ని ముట్టుకోదు. యాక్సిస్ చేసినవారి ముందుచూపు ఇక్కడ మెచ్చుకోదగ్గది.

సర్వీసును ఎక్కించడం, అంటే డిప్లాయ్‌మెంట్, ఇంకా తేలిక. జావా వెబ్ సర్వరు టామ్‌క్యాట్ నడుస్తుండగా యాక్సిస్‌లోని అడ్మిన్‌క్లయింట్‌కు డబ్ల్యూఎస్‌డీడీ ఫైలు అందిస్తే సరిపోతుంది. దానికీ ఓపిక లేకపోతే, జావా ఫైలు ఎక్స్‌టెన్షన్‌ను జేడబ్ల్యూఎస్‌గా మార్చి ఫోల్డరులో పడేస్తే చాలు, పిలవగానే కంపైలై పలికేది. నేర్చుకునేవారికి అది వరం. అసలు పనికి మాత్రం ఎవరూ వాడకూడనిది.

ఇంత సుఖం కొన్ని చెడ్డ అలవాట్లూ నేర్పింది. ముందు జావా క్లాసు రాసి, దాంట్లోంచి జావా2డబ్ల్యూఎస్‌డీఎల్‌తో కాంట్రాక్టును పిండుకోవడం మామూలైంది. అలా వచ్చిన కాంట్రాక్టులో జావా సొంత కలెక్షన్ల రూపం దొర్లేది. అవతల మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్‌లో పనిచేసేవారికి అది అర్థమయ్యేది కాదు. తర్వాత డబ్ల్యూఎస్-ఐ సంస్థ బేసిక్ ప్రొఫైల్ 1.0 తెచ్చి, గొడవలకు మూలమైన సోప్ ఎన్‌కోడింగ్‌ను పక్కన పెట్టింది. కాంట్రాక్టు ముందు, కోడు తర్వాత అనే క్రమానికి దానితో బలం వచ్చింది. ఆ క్రమం తప్పిన చోట ఎంత మంచి జనరేటరైనా తప్పునే వేగంగా పెంచింది.

అనంతపురం పీఠభూమికి ఈ చరిత్రతో సంబంధం 2006లో మొదలవుతుంది. ఆ ఏడాది ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం దేశంలో మొదట అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభమైంది. కూలి 15 రోజుల్లోగా ఇవ్వాలని చట్టమే చెప్పడంతో, మస్టర్లు, పే ఆర్డర్లు మొదటి నుంచీ కంప్యూటర్ల మీద నడిపే దారిని ఆంధ్రప్రదేశ్ ఎంచుకుంది. సాఫ్ట్‌వేరు టీసీఎస్‌ది. ఆ వెబ్‌సైటు చిరునామాలో ‘ఫ్రంట్‌సర్వ్‌లెట్’ అన్న మాట కనిపించేది. సర్వ్‌లెట్ అంటే జావాయే. 2011లో వచ్చిన మీసేవ పేజీల చిరునామాలు మాత్రం ఏఎస్‌పీఎక్స్‌తో ముగిసేవి, అంటే మైక్రోసాఫ్ట్ వైపువి. ఒకే ప్రభుత్వంలో రెండు భాషల వ్యవస్థలు పక్కపక్కనే నడిచాయి. రెండు వైపులా స్టబ్‌లు పుట్టించగల కాంట్రాక్టు అవసరం ఏమిటో ఇలాంటి చోటే తెలుస్తుంది.

కాంట్రాక్టు ఎంత జాగ్రత్తగా రాయాలో 2022 చెబుతుంది. ఆ ఏడాది ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. కొత్తచెరువు అనంతపురం నుంచి పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. జిల్లా పేర్లను 13 విలువల జాబితాగా స్కీమాలో బిగించి ఉంచిన సర్వీసైతే, పాత స్టబ్‌కు కొత్త జిల్లా పేరు రాగానే యాక్సిస్ పుట్టించిన క్లాసు ఎర్రర్ విసురుతుంది. దాన్ని వాడే ప్రతి ఆఫీసూ కోడు మళ్లీ జనరేట్ చేసి, మళ్లీ డిప్లాయ్ చేయాలి. జిల్లాను సంఖ్యా కోడుగా ఉంచి, పేర్ల పట్టికను విడిగా పెట్టుకున్నచోట పట్టికలో వరుసలు చేర్చితే సరిపోతుంది. ఏది బిగించాలో, ఏది వదలాలో పనిముట్టుకు తెలియదు. మండలాలూ జిల్లాలూ ఎలా మారుతుంటాయో ఎరిగిన మనిషే అది తేల్చాలి.

2006లో జాక్స్-డబ్ల్యూఎస్ వచ్చి డబ్ల్యూఎస్‌డీడీ ఫైళ్ల అవసరం లేకుండా చేసింది. క్లాసు మీద ఒక అనొటేషన్ పెడితే సర్వీసు సిద్ధం. కాంట్రాక్టు నుంచి కోడు పుట్టించే డబ్ల్యూఎస్ఇంపోర్ట్ జావా 6తోపాటే వచ్చేది. ఈలోగా జేసన్, రెస్ట్ పద్ధతి పైచేయి సాధించాయి. మొదట్లో రెస్ట్‌కు కాంట్రాక్టు పత్రమే లేదు, ఆ లోటు త్వరలోనే తెలిసొచ్చింది. 2011లో స్వాగర్ పుట్టి, 2015లో లైనక్స్ ఫౌండేషన్ కిందికి చేరి, ఓపెన్ఏపీఐగా పేరు మార్చుకుంది. 2018 మే నెలలో స్వాగర్ సొంత కోడ్ జనరేటర్ నుంచి ఓపెన్ఏపీఐ జనరేటర్ విడివడింది. అదే ఏడాది సెప్టెంబరులో జావా 11 నుంచి డబ్ల్యూఎస్ఇంపోర్ట్, ఎక్స్ఎంఎల్ స్కీమా నుంచి క్లాసులు పుట్టించే ఎక్స్‌జేసీ తొలగిపోయాయి. అవి కావలసినవారు ఇప్పుడు బిల్డ్ పనిముట్టు మేవెన్‌కు ప్లగిన్లుగా తెచ్చుకుంటారు.

మేవెన్ రాకతో జనరేటైన కోడు ఉండే చోటు కూడా మారింది. ప్రతి బిల్డ్‌లో కొత్తగా పుట్టి టార్గెట్ ఫోల్డరులో ఉంటుంది. దాన్ని గిట్‌లో దాచరు, చేత్తో దిద్దరు. దీని మేలు 2020 చివర జావా ఈఈకి వారసురాలైన జకార్తా ఈఈ 9 వచ్చి, అందులోని జావాఎక్స్ పేర్లన్నీ జకార్తాగా మారినప్పుడు తెలిసింది. జనరేటైన క్లాసులకు ప్లగిన్ వెర్షనో సెట్టింగో మార్చి బిల్డ్ చేస్తే సరిపోయింది. చేత్తో రాసిన క్లాసుల ఇంపోర్టు వరుసలు దిద్దే పని ప్రోగ్రామర్ల మీదే పడింది.