శ్వాసగొట్టం – ఒత్తిడి: ఒక వైద్య చరిత్ర

రామంతాపూర్ నుంచి అంబర్‌పేట మీదుగా నల్లకుంట వెళితే ఫీవర్ ఆసుపత్రి వస్తుంది. పాతతరం వారు దానిని ఇప్పటికీ కోరంటి దవాఖానా అనే అంటారు. క్వారంటైన్ అన్న మాట జనం నోట అలా మారింది. కంఠసర్పి సోకిన పిల్లలను అక్కడికి తీసుకువస్తారు. శ్వాసగొట్టాన్ని రోజుల తరబడి గొంతులో ఉంచే చికిత్స ప్రాచుర్యం పొందింది కూడా ఈ వ్యాధి వల్లనే.

కంఠసర్పిలో గొంతులో ఏర్పడే పొర స్వరపేటికను మూసివేస్తుంది, బిడ్డకు ఊపిరాడదు. 1880లలో న్యూయార్క్ వైద్యుడు జోసెఫ్ ఓడ్వయర్ నోటి ద్వారా స్వరపేటికలోకి చిన్న లోహపు గొట్టాన్ని దించాడు. చాలామంది పిల్లలు బతికారు. అయితే గొట్టం ఒరుసుకున్నచోట పుండ్లు పడేవి. అందువల్ల ఆయన దాని ఆకారాన్ని పలుమార్లు మార్చవలసి వచ్చింది.

అదే దశాబ్దంలో హైదరాబాదులోనూ శ్వాస గురించి పెద్ద చర్చ నడిచింది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి వైద్యుడు ఎడ్వర్డ్ లారీ పూనికతో, ఆరవ నిజాం ధనసహాయంతో 1888, 1889లలో క్లోరోఫారం కమిషన్లు పనిచేశాయి. మత్తు ఇచ్చేటప్పుడు నాడిని కాదు, శ్వాసను గమనించాలని అవి చెప్పాయి. క్లోరోఫారం గుండెను నేరుగా ఆపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ నిరూపించడంతో ఆ వాదంలో సగం కూలిపోయింది. శ్వాసను కనిపెట్టి ఉండాలన్న సగం నిలిచింది. కాని శ్వాస సాఫీగా సాగుతున్నా, లోపల వాయునాళం గోడ దెబ్బతింటూ ఉండవచ్చు. ఈ సంగతి వైద్యులకు బాగా తెలిసివచ్చింది ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో.

1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విజృంభించినప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ సూచనపై రోగుల మెడకు రంధ్రం చేసి గొట్టాలు అమర్చారు. వైద్య విద్యార్థులు వంతులవారీగా సంచి నొక్కుతూ వారాల తరబడి శ్వాస అందించారు. గాలి పక్కలనుంచి బయటికి పోకుండా గొట్టం చుట్టూ ఉబ్బే బుడగనే కఫ్ అంటారు. ఆనాటి రబ్బరు కఫ్ చిన్నది, బిరుసుది. అది గట్టిగా ఉబ్బితే వాయునాళపు శ్లేష్మపొరలోని కేశనాళికలు నొక్కుకుపోతాయి. రక్తం అందని పొర పుండవుతుంది, మృదులాస్థి మెత్తబడుతుంది, మానేటప్పుడు మచ్చ కట్టి దారి ఇరుకవుతుంది.

తక్కువ ఒత్తిడితో విశాలంగా ఆనే ప్లాస్టిక్ కఫ్‌లు తరువాత వచ్చాయి. అయినా వాటిలో గాలి ఎంత నింపాలన్న ప్రశ్న మిగిలింది. 1984లో సీగోబిన్, వాన్ హాసెల్ట్ 40 మంది రోగుల వాయునాళంలోకి ఎండోస్కోపుతో చూసి, కఫ్ ఒత్తిడి 30 సెంటీమీటర్ల నీటి మట్టం దాటరాదని సూచించారు. నేడు ఐసీయూలలో సాధారణంగా పాటించే హద్దు 20–30. బుడగను వేలితో నొక్కి అంచనా వేయడం నమ్మదగిన పద్ధతి కాదు. చిన్న మీటరుతో కొలవాలి. అవసరానికి మించి లావు గొట్టం వాడకపోవడం, అది కదలకుండా కట్టడం, రోజులు పొడిగితే మెడకు రంధ్రం చేసే విషయం ఆలోచించడం కూడా ఈ జాగ్రత్తలలోవే.

మచ్చ ఒక్కరోజులో కట్టదు. రోగి ఇల్లు చేరిన కొన్ని వారాలకు ఆయాసం, ఈల వంటి శబ్దం మొదలైతే దానిని ఉబ్బసంగా పొరబడే అవకాశం ఉంది. అందుకే ఐసీయూలో గొట్టం ఎన్నాళ్ళు ఉందో ఇంటివారు వైద్యుడికి ముందుగా చెప్పాలి.